మా వాకిట్లో థేడీ మల్కెరిన్

గోర్ట్‌నలెక్
20 ఆగస్టు 1972

తమ్ముడు ఫెస్టీకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వు ప్రతి ఉత్తరంలో ముందు అదే అడుగుతావు గనక ఆ పని అయిపోయింది. ఇక అసలు సంగతి. ఈసారి వంతు పూజ మనింటికి వచ్చింది. అక్టోబరు పన్నెండు, గురువారం. ఏటా రెండిళ్ళలో ఫాదరు వచ్చి చేసే పూజ, అయిదేళ్ళకోసారి వచ్చే వంతు. పది గడపల వాళ్ళూ వచ్చి మన వంటింట్లో మోకరిల్లి, పూజ చూసి, ఫలహారం తిని వెళ్తారు. దానికోసం నెలరోజులుగా నా నడుం విరుగుతోంది. గోడలకు సున్నం అయింది, పింగాణీ బీరువాకు రంగు ఒక పూత అయింది, రెండో పూతకు డబ్బాలో రంగు చాలలేదు. కిందటిసారి లావెల్లీల ఇంట్లో ఫాదరుకు పంపరపనస లాంటి ఏదో పండు సగానికి కోసి, మధ్యలో ఎర్ర చెర్రీ పెట్టి ఇచ్చారు. ఆయన ఒక చెంచా తిని మొహం ముడుచుకున్నాడు. అయినా ఇప్పుడు ఆ పండు లేకపోతే పూజే చెల్లదన్నట్టు మాట్లాడుతున్నారు ఆడవాళ్ళు. దానికోసం పట్నం పోవాలి నేను, డెబ్బై ఏళ్ళ దాన్ని.

ఇవన్నీ భరిస్తాను. భరించలేనిది కొత్త ఫాదర్ టార్పీ. ముక్కుపచ్చలారని కుర్రవాడు. మొన్న వచ్చి, టీ తాగి, కప్పు కింద పెట్టి అంటాడు కదా, "డీలియా గారూ, మీ ఇంట్లో పూజ జరిగితే ఆ థేడీ మల్కెరిన్ లోపలికి రాకుండా వాకిట్లో గోనెపట్టా వేసుకుని, కిటికీలోంచి పూజ వింటాడట. ఆయనింట్లో అయితే మీరు వాకిట్లో ఉంటారట. నలభై తొమ్మిదేళ్ళుగా. ఇదేం పద్ధతండీ?"

"మా పద్ధతి" అన్నాను.

"అది కాదండీ. ఇంగ్లండుతో కుదిరిన ఒప్పందం చాలన్నవాళ్ళూ, చాలదని వాళ్ళ మీద తుపాకులెత్తినవాళ్ళూ, ఇద్దరూ అంతకు ముందు కలిసి ఇంగ్లీషువాళ్ళ మీద పోరాడినవాళ్ళే కదా. ఒకే ఊరివాళ్ళు."

ఒకే ఊరివాళ్ళు కాబట్టే కదరా అబ్బాయీ, అనబోయి నోరు మూసుకున్నాను. వేరే ఊరివాడు మన అన్నయ్య ఆస్టిన్‌ను పట్టిస్తే నేను ఏనాడో మరిచిపోయేదాన్ని. ఇదివరకటి ముసలి ఫాదరుకు ఇవన్నీ చెప్పనక్కర్లేకపోయింది. వంటింట్లో అందరికీ సత్ప్రసాదం ఇచ్చి, నోరెత్తకుండా వాకిట్లోకి వెళ్ళి వాడికీ ఇచ్చి వచ్చేవాడు. ఈయన మాత్రం, "నేను వాకిట్లోకి సత్ప్రసాదం తీసుకుపోను. ఆయన లోపలికి రావాలి, లేదంటే ఈ ఇంటి వంతు తీసి పక్కింటికి ఇస్తాను" అన్నాడు. మన నాయనమ్మ నుంచి తప్పకుండా వస్తున్న పూజ ఫెస్టీ. పూజ దాటిపోయిన ఇల్లు అంటే ఇక్కడ ఏమనుకుంటారో నీకు వేరే చెప్పాలా.

కాబట్టి నువ్వు చేయవలసింది ఒక్కటే. ఫాదరుకు ఒక ఉత్తరం రాయి. 1923 మార్చిలో థేడీ మల్కెరిన్ ఒప్పందం చాలన్న కొత్త ప్రభుత్వ సైన్యం కోటు వేసుకుని సైనికులను మానియన్ల కొట్టానికి తీసుకొచ్చాడనీ, అక్కడ దాక్కున్న మన అన్నయ్యను సున్నపుబట్టీ దగ్గర కాల్చేశారనీ, ఈ ఇంటి మగవాడిగా రాసి సంతకం పెట్టు. ఆడదాని మాటంటే మొండితనం అనుకుంటున్నాడు ఆయన.

పూజకు నిన్ను రమ్మని అడగను. అడిగి అడిగి నోరు పడిపోయింది.

నీ అక్క
డీలియా


హడర్స్‌ఫీల్డ్
2 సెప్టెంబరు 1972

డీలియా అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం ఎలా ఉంది? నా కుడి మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. ముప్పై ఏళ్ళు రెండంతస్తుల బస్సులో కండక్టరుగా కిందికీ పైకీ తిరిగిన ఫలితం. మా తోటల సంఘంలో లీకులని లావు ఉల్లికాడల పోటీ వచ్చే నెల. నావి ఈసారి చేతి మందాన ఉన్నాయి. పక్క మడివాడు తన వాటికి బీరు పోసి పెంచుతున్నాడని అందరూ అంటున్నారు.

బెల్ఫాస్టులో బాంబుల గొడవలు మొదలైనప్పటి నుంచి ఇక్కడ నేను నోరు తెరిస్తే చాలు, రొట్టెల కొట్లో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. నలభై ఎనిమిదేళ్ళు ఇక్కడే ఉన్నా నా మాట తీరు మారలేదట. అందుకని తక్కువ మాట్లాడుతున్నాను.

పూజకు పనికొస్తుందని ఒక బల్లగుడ్డ పంపిస్తున్నాను. మంచి రకం.

ఫాదరుకు ఉత్తరం సంగతి. నేను రాయడం సబబు కాదేమో అక్కా. ఆ రోజు నేను క్రాసన్‌లో అత్తయ్య ఇంట్లో ఉన్నాను కదా. కళ్ళతో చూడనిదానికి సంతకం ఎలా పెట్టను? అయినా అతనికి డెబ్బై మూడేళ్ళు. వానలో మోకాళ్ళ మీద ఉంచడం కంటే లోపలికి రానిస్తే మనకు పోయేదేముంది? ఆలోచించు.

నీ తమ్ముడు
ఫెస్టీ


గోర్ట్‌నలెక్
9 సెప్టెంబరు 1972

ఫెస్టీకి,

అడిగింది ఒకటి, నువ్వు పంపింది ఒకటి. బల్లగుడ్డ విప్పి చూశాను. నాలుగు మూలలా ఎర్ర గులాబీలు, తెల్ల గులాబీలు, మధ్యలో కిరీటం. ఆస్టిన్ రువాన్ పుట్టిన ఇంట్లో, ఇంగ్లండు రాణిగారి కిరీటం మీద పూజ చేయించమంటావా? పోస్టాఫీసులో మిసెస్ లావెల్లీ ముందే విప్పాను, అది ఇంకో ఖర్మ. ఈపాటికి పది గడపలకూ చేరి ఉంటుంది. గుడ్డ మాత్రం మంచిదే. తిరగేసి వాడదామంటే వెనకవైపు కూడా కిరీటమే కనిపిస్తోంది.

"రానిస్తే పోయేదేముంది" అట. గోడకు చెప్పుకున్నా నయమే, ఎదురు ప్రశ్నలు వేయదు. నీకు వయసుతో పాటు మతిమరుపు వచ్చిందా? ఆ ముందురోజు దీపాలు పెట్టే వేళకు వాడు మన గుమ్మం దాకా వచ్చిన సంగతి నీకు వెయ్యిసార్లు చెప్పాను. ఆస్టిన్ ఎక్కడున్నాడో ఆరా తీయడానికి వచ్చాడు, పెద్ద స్నేహితుడిలా. అమ్మ లోపలి గదిలో జ్వరంతో ఉంది. నేను వాడి మొహం మీదే తలుపు పై రెక్క వేసేశాను. వాడు తలుపవతల నిలబడి ఏదో వాగబోయాడు. నేను పొయ్యి ముందు మోకరిల్లి గట్టిగా జపమాల ఎత్తుకున్నాను. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం నేను సగం చెబితే అమ్మ మంచం మీద నుంచి మిగతా సగం అందుకుంది. ఆ శత్రువు మాట ఒక్క ముక్క ఈ ఇంట్లోకి రానివ్వలేదు. జీవితంలో నేను చేసిన పనుల్లో నాకు గర్వంగా ఉన్నది అది ఒక్కటే. మర్నాడు తెల్లవారి సైనికుల లారీలో ముందు సీట్లో కూర్చుని కొట్టానికి వెళ్ళాడు. ఊరంతా చూసింది. నువ్వు చూడకపోతే ఏం, నేను చూశాను. నా మాట కింద నీ పేరు పెట్టడానికి నీకు ఇంత బరువేమిటి?

ఇక్కడ ఇంకో మాట వినిపిస్తోంది. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న థేడీ కూతురు నీకు ఆదివారం భోజనాలు పెడుతోందట. అదే నిజమైతే ఈ ఉత్తరాలన్నీ నేనెవరికి రాస్తున్నట్టు? నాలుగు బంగాళాదుంపలకు అన్నయ్యను మరిచిపోయావంటే నేను నమ్మను గానీ, నమ్మకుండా ఉండటానికి నువ్వు సాయం చేయడం లేదు.

ఒక్క వాక్యం రాయి ఫాదరుకు. ఒకే ఒక్క వాక్యం.

డీలియా


హడర్స్‌ఫీల్డ్
17 సెప్టెంబరు 1972

అక్కా,

థేడీ కూతురిని నేను ఒక్కసారి చూశాను. 1961లో, నా బస్సులో. టిక్కెట్టు ఇచ్చాను, చిల్లర ఇచ్చాను. ఆ పిల్ల భోజనం పెట్టలేదు, నేను తినలేదు. ఈ మాట పుట్టించినవాళ్ళు గోరంతను కొండంత కూడా చేయలేదు, గోరు లేకుండానే కొండ చేశారు.

గుడ్డ విషయంలో పొరపాటైంది. కిరీటం నేను చూసుకోలేదు, చవకలో వస్తే కొన్నాను.

నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా చెబుతున్నాను. ఈ ఒక్కసారికి ఒంట్లో బాగోలేదని చెప్పి పూజను మళ్ళీ లావెల్లీలకే వదిలేయరాదూ? గొడవ ఉండదు. లేదంటే అతన్ని రానివ్వు. థేడీ చెడ్డవాడని మనం అనుకుంటూ వచ్చాం. ఏమో అక్కా. ఆ సాయంత్రం కూడా టోపీ తీసి, చేతుల్లో నలుపుకుంటూ కదా మన గుమ్మంలో నిలబడ్డాడు. ఆరా తీయడానికి వచ్చిన సైనికుడు టోపీ తీస్తాడా? నేను ఇంతకంటే రాయలేను. నన్ను ఫాదరుకు రాయమని మాత్రం అడగకు.

లీకులకు తుప్పు తెగులు పట్టేలా ఉంది.

ఫెస్టీ


గోర్ట్‌నలెక్
22 సెప్టెంబరు 1972

ఫెస్టీ,

పూజను లావెల్లీలకు వదిలేయమన్నందుకు నీకు నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగూ పొయ్యిలో వేశాను. ఇది వేరే ఉత్తరం.

టోపీ సంగతి నీకెలా తెలుసు?

నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పదలుచుకోలేదు, ఎందుకంటే వాడు టోపీ తీశాడంటే మర్యాదగా ఉన్నాడన్నట్టు అవుతుంది. అమ్మ మంచం నుంచి గుమ్మం కనిపించదు. ఆ సమయానికి నువ్వు తొమ్మిది మైళ్ళ అవతల క్రాసన్‌లో అత్తయ్య పొలంలో రాళ్ళు ఏరుతున్నావు. మరి టోపీ చేతుల్లో నలపడం నీకు ఎవరు చూపించారు?

థేడీ నీకు ఉత్తరాలు రాస్తున్నాడా? అదే అయితే చెప్పేయి. నన్ను మాత్రం ఇలా చీకట్లో పెట్టి చంపకు.

డీలియా


హడర్స్‌ఫీల్డ్
1 అక్టోబరు 1972

అక్కా,

ఈ ఉత్తరం ఇప్పటికి ఏడుసార్లు మొదలుపెట్టాను. థేడీ నాకు రాయలేదు. నేను అక్కడే ఉన్నాను.

రాళ్ళు ఏరలేక అత్తయ్య ఇంటి నుంచి ఆ మధ్యాహ్నం పారిపోయి వచ్చాను. నువ్వు చీపురు తిరగేస్తావని భయపడి, నీ కోపం తగ్గాక దిగుదామని ఆవులకొట్టం వైపు నుంచి అటక ఎక్కి గడ్డిలో దాక్కున్నాను. పలకల సందులోంచి వంటిల్లు, గుమ్మం కనిపిస్తున్నాయి. థేడీ వచ్చాడు. టోపీ తీశాడు. "డీలియా, ఆస్టిన్ కోసం ఒక మాట చెప్పి పోతాను" అన్నాడు. నువ్వు, "ఆ కోటు వేసుకున్నవాడి మాట ఈ గడప దాటదు" అని తలుపు వేశావు. జపమాల మొదలుపెట్టావు.

అతను వెళ్ళిపోలేదు. తలుపుకు నోరు ఆనించి చెప్పాడు. నువ్వు జపమాలలో ఒక పది పూసలు పూర్తి చేసి రెండో పది మొదలుపెట్టే లోపల చెప్పాడు. "తెల్లారేసరికి మానియన్ల కొట్టంలో ఉండొద్దని ఆస్టిన్‌కు చెప్పు" అని. రెండుసార్లు చెప్పాడు. అటక మీదికి స్పష్టంగా వినిపించింది. నువ్వు మళ్ళీ గట్టిగా "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని ఎత్తుకున్నావు. నీకు వినిపించలేదని నాకు తెలుసు, ఎందుకంటే నీ మొహం నాకు కనిపిస్తోంది. నువ్వు గెలిచినదానిలా ఉన్నావు.

కొట్టానికి రెండు మైళ్ళు. నేను పరుగెత్తవలసింది. పోలేదు. ఇది వల అనుకున్నాను, ఎవడు బయల్దేరతాడో చూసి వాడి వెంట పడతారేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నిజం చెప్పనా? వాన పడుతోంది. బురదనేల మీద చీకట్లో ఒక్కడినీ పోవాలంటే భయం వేసింది. తెల్లవారుతూనే పోదామనుకుని నిద్రపోయాను. తుపాకుల చప్పుడుకు మెలకువ వచ్చింది. వెనక దారిన క్రాసన్‌కు తిరిగి పరుగెత్తాను. ఆ రోజు మాత్రం తొమ్మిది మైళ్ళూ పరుగెత్తగలిగాను. రాత్రి గడ్డివాములో పడుకున్నానని అత్తయ్యకు అబద్ధం చెప్పాను. మధ్యాహ్నం ఎవరో వచ్చి అత్తయ్యకు కబురు చెబితే అప్పుడే విన్నట్టు ఏడ్చాను.

నీకు ఎలా చెప్పను? చెబితే నీ జపమాల నీకు ఉరితాడు అవుతుంది. దాచింది నీకోసమే అని కూడా అనను. నీకు చెబితే నా సంగతీ చెప్పాలి. అందుకే ఇంగ్లండు వచ్చేశాను, అందుకే మళ్ళీ ఊరికి రాలేదు. ఇన్నేళ్ళూ నీకు రాసిన మోకాలూ కాదు, బస్సు సమ్మెలూ కాదు, లీకులూ కాదు.

నేను ఫాదరుకు ఏ వాక్యం రాయాలో ఇప్పుడు నువ్వే చెప్పు.

ఫెస్టీ


హడర్స్‌ఫీల్డ్
10 అక్టోబరు 1972

అక్కా,

నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. నీకు రాయాలని లేకపోతే రాయొద్దు. కానీ ఒక్క తిట్టు అయినా పోస్టు కార్డు మీద రాసి పంపు. నువ్వు తిట్టకుండా ఇన్ని రోజులు ఎప్పుడూ ఉండలేదు. భయంగా ఉంది.

ఎల్లుండి పూజ కదా. ఏమైంది?

ఫెస్టీ


గోర్ట్‌నలెక్
19 అక్టోబరు 1972

ఫెస్టీకి,

తిట్టలేదంటే క్షమించానని అనుకోకు. తిట్టడానికి సరిపడా మాటలు దొరక్క ఆగాను.

నీ ఉత్తరం అయిదో తారీఖున వచ్చింది. చదివి మడిచి టీ డబ్బాలో పెట్టి, రెండో పూత రంగు వేయడానికి పోయాను. బీరువా పూర్తి చేశాను. కుర్చీలకు వేశాను. రంగు మిగిలితే కోళ్ళ గూటికి కూడా వేశాను. అది అయ్యాక చేయడానికి పనేమీ మిగల్లేదు. అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఎవరి మీద ఏడుస్తున్నానో తెలియక ఇంకా చిరాకు వేసింది. నీ మీదా, ఆస్టిన్ మీదా, ఆ తలుపు మీదా. ఏ దేవమాత పేరు ఎత్తుకుని మన అన్న చావును ఇంట్లోకి పిలిచానో, ఆ పేరు మళ్ళీ నోట ఎలా పలకాలో ఇప్పటికీ తెలియడం లేదు.

మంగళవారం థేడీ ఇంటికి వెళ్ళాను. పొయ్యిలో బూడిద ఎత్తుతున్నాడు. నన్ను గుమ్మంలో చూసి చేతిలో పార అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నేను వినలేదు" అన్నాను.

వినకపోతే చెప్పానని నీకెలా తెలిసింది అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"వినలేదా? ఒక పది అయ్యాక ఆగావు కదా. అప్పుడే చెప్పాను. రెండుసార్లు."

"ఊపిరి తీసుకోవడానికి ఆగాను థేడీ. నా చెవుల్లో నా రక్తం చప్పుడే తప్ప ఇంకేం లేదు."

"నువ్వు విన్నావనుకుని కదా లారీ ఎక్కాను" అన్నాడు. "ఆస్టిన్ ఎక్కడ దాక్కున్నాడో అని మాకు అందినవి మూడు ఆనవాళ్ళు, కొట్టం అందులో ఒకటి. నేను ముందు కూర్చుంటే ఖాళీ కొట్టానికి తీసుకెళ్ళి వెతికించి, ఎవరూ లేరని వెనక్కి తిప్పొచ్చు అనుకున్నా. నేనే దారి చూపించా. నవ్వుకుంటూ చూపించా డీలియా, ఎవరూ లేరని."

నలభై తొమ్మిదేళ్ళు నోరు ఎందుకు విప్పలేదని అడిగాను. ఏమన్నాడో తెలుసా? నేను మాట విని కూడా అతన్ని నమ్మక ఆస్టిన్‌కు చేరవేయలేదనుకున్నాడట. ఆ బరువు మోస్తున్న మనిషి కళ్ళ ముందుకు వచ్చి కూర్చుని గుర్తుచేయడం ఎందుకని మనింట్లోకి రాలేదట. "నువ్వు రాకపోవడమేంటి, నేను రానివ్వలేదు" అన్నాను. "నువ్వు రానిచ్చినా నేను వచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ మాట మీద ఇద్దరం పావుగంట పోట్లాడుకున్నాం. ఇంత మొండి మనిషిని నా జన్మలో చూడలేదు.

గురువారం లోపలికి రమ్మన్నాను. రానన్నాడు. "ఇప్పుడొస్తే ఎందుకొచ్చావని అడుగుతారు. అడిగితే నీ తలుపు సంగతి బయటికొస్తుంది. ఎందుకొచ్చిన గోల? నా మోకాళ్ళకు మీ వాకిలి అలవాటే" అన్నాడు. చూశావా, ఇప్పటికీ నన్ను కాపాడే పనే. నాకు సిగ్గుతో ఒళ్ళు మండింది.

గురువారం పొద్దున కుండపోత వాన. పది గడపల వాళ్ళూ వచ్చారు, వంటిల్లు కిక్కిరిసింది. కిరీటం గుడ్డే పరిచాను, కిరీటం మీద పండు పళ్ళెం పెట్టి. కిటికీ అవతల థేడీ గోనెపట్టా పరుచుకుని మోకరిల్లాడు. ఫాదర్ టార్పీ పూజ వస్త్రాలు వేసుకోకుండా చేతులు కట్టుకుని నా వైపు చూశాడు. "డీలియా గారూ, ఏం చేద్దామంటారు?"

నేను పొయ్యి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. చెప్పాను. ఆ సాయంత్రం థేడీ మల్కెరిన్ మా అన్నయ్యను పట్టివ్వడానికి రాలేదనీ, కాపాడటానికి వచ్చాడనీ చెప్పాను. నేను వినకుండా తలుపు వేశాననీ, ఆయన మాట మునిగిపోయేలా జపమాల చదివాననీ, ఆ మాట వినుంటే ఆస్టిన్ బతికేవాడనీ చెప్పాను. మన ఊళ్ళో ఈ సంగతులు వంటింట్లో ఎవరూ ఎత్తి ఎరగరు. ఒక్కరూ తలెత్తలేదు. అందరూ నేను కడిగిన నేలనే చూస్తున్నారు. ముసలి లావెల్లీ దగ్గబోయి ఆపుకున్నాడు. 

తలుపు తీసి, "లోపలికి రా థేడీ. అందరికీ చెప్పేశాను, ఇక నువ్వు దాచాల్సిందేం లేదు" అన్నాను.

"నీకు బుద్ధి లేదు" అన్నాడు. లేచి వచ్చాడు. నీళ్ళు కారుతూ లావెల్లీల పక్కన మోకరిల్లాడు. పూజ జరిగింది. చనిపోయినవాళ్ళ పేర్లలో ఆస్టిన్ పేరు చదివినప్పుడు ఎవరి ఏడుపు వినిపించిందో చెప్పను. ఫలహారం దగ్గర థేడీ నలభై తొమ్మిదేళ్ళ తర్వాత మనింట్లో తిన్న మొదటి గుడ్డు మరీ గట్టిగా ఉడికిందన్నాడు. ఫాదర్ టార్పీ ఇదంతా తన ఘనతే అన్నట్టు వెలిగిపోతూ ఆ పుల్లటి పండు మొత్తం తినేశాడు. ఆయన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఇక నీ సంగతి. నీ పేరు నేను ఎత్తలేదు. ఫాదరుకు చెప్పలేదు, థేడీకి చెప్పలేదు. అటక మీద గడ్డి తప్ప ఏమీ లేదన్నట్టే చెప్పాను. నిన్ను కాపాడాలని కాదు. అది నా నోటితో చెప్పవలసింది కాదు గనక.

నీకు పదహారేళ్ళు. వాన, చీకటి. నాకు ఇరవై ఒకటి, రెండు చెవులూ ఉన్నాయి. నిన్ను ఎక్కువ తిట్టే హక్కు నాకు లేదని రోజూ పొద్దున అనుకుంటాను. మధ్యాహ్నానికి మళ్ళీ కోపం వస్తుంది. నువ్వు నలభై తొమ్మిదేళ్ళలో ఒక్క ఉత్తరంలో ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఆయన మోకాళ్ళు బాగుండేవి. నాకు అదే మింగుడు పడటం లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి మొదలైంది. మొన్నటి దాకా నేను విన్నాననే నమ్మకంతో బతికాడు ఆయన. తన వంతు తను చేశానని పడుకునేవాడు. నేను వెళ్ళి ఆ నమ్మకం కాస్తా పడగొట్టి వచ్చాను. పూజ అయిన దగ్గర నుంచి రోజూ సాయంత్రం మనింటికి వస్తున్నాడు. టీ తాగడు. కూర్చుని ఒకటే అడుగుతున్నాడు. "ఇంకాస్త గట్టిగా చెప్పుంటే వినేదానివా డీలియా? నేను మరీ మెల్లగా చెప్పానేమో. సైనికులు వింటారని గొంతు తగ్గించానేమో." నిన్న కూడా అడిగాడు.  నాకు వినిపించలేదు కదా.

ఆయన సరిపడా గట్టిగానే చెప్పాడని చెప్పగలిగినవాడివి ఈ భూమ్మీద నువ్వొక్కడివే. ఉత్తరంలో కాదు. వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి చెప్పు. ఎందుకు పరుగెత్తలేదో కూడా అప్పుడే చెప్పు. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. నీ మీద చెయ్యి చేసుకున్నా నేను అడ్డు రాను.

త్వరగా రా. ఆయనకు డెబ్బై మూడు.

నీ అక్క
డీలియా